సగటు లెక్కలో కనబడని ఊరు

సంక్రాంతి దాటాక వచ్చే తొలి ఆదివారాన్ని కొమురవెల్లిలో పట్నం వారం అంటారు. ఆ రోజు హైదరాబాద్, సికింద్రాబాద్‌ల నుంచి మల్లన్న భక్తులు బోనాలతో, బండారుతో తరలివస్తారు. అక్కడి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం సిద్దిపేట జిల్లాలోని ఆ ఊరు జనంతో కిటకిటలాడుతుంది. గుట్ట కింద కొబ్బరికాయలు, బండారు పొట్లాలు అమ్మే దుకాణం ముందు మధ్యాహ్నం పూట కాసేపు నిలబడితే మొబైల్ డేటా నాణ్యత అంటే ఏమిటో కళ్లకు కడుతుంది. కొనుక్కున్నాయన ఫోన్‌లో సిగ్నల్ గీతలు నాలుగూ నిండుగా ఉంటాయి. క్యూఆర్ కోడ్ స్కాన్ అవుతుంది, పిన్ కొడతాడు, ఆ తర్వాత తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఖాతాలోంచి డబ్బు పోయిందో లేదో ఆయనకు తెలియదు. దుకాణందారు సౌండ్ బాక్స్ వైపు చూస్తుంటాడు. అందులోనూ ఒక సిమ్ ఉంది. అదీ అదే గాలిలో తన వంతు కోసం ఆగి ఉంది. వెనక మరో పదిమంది నిలబడి ఉంటారు. చివరికి ఎవరో ఒకరు జేబులోంచి నోటు తీస్తారు.

సిగ్నల్ నిండుగా ఉండి డేటా రాకపోవడం చాలామందికి అన్యాయంగా, కొందరికి మోసంగా కూడా తోస్తుంది. దీని వెనక ఉన్న భౌతిక శాస్త్రాన్ని ముందు తెలుసుకోవాలి. అది తెలిస్తేనే కంపెనీని ఎక్కడ నిలదీయాలో, ఎక్కడ నిలదీసి లాభం లేదో తేలుతుంది.

ఫోన్ పైభాగాన కనిపించే గీతలు చెప్పేది ఒక్కటే: టవర్ నుంచి వచ్చే సంకేతం ఈ ఫోన్‌కు ఎంత బలంగా వినబడుతోంది అన్నది. ఆ బలాన్ని డీబీఎం అనే కొలమానంలో లెక్కిస్తారు. మైనస్ 80 ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 అయితే బలహీనం, మైనస్ 120 దగ్గర సంబంధం తెగిపోయే స్థితి. మైనస్ 80కీ మైనస్ 110కీ మధ్య ఉన్నది ముప్పై డెసిబెల్స్, అంటే వెయ్యి రెట్ల తేడా. ఈ వెయ్యి రెట్ల తేడాను నాలుగైదు గీతల్లో ఇమిడ్చి చూపిస్తారు కనుక గీతలను చూసి చెప్పగలిగింది చాలా తక్కువ. పైగా ఆ గీతలు ఒక దిశనే చెబుతాయి. టవర్ మాట ఫోన్‌కు వినబడుతోందని చెబుతాయే గాని, ఫోన్ మాట టవర్‌కు చేరుతోందో లేదో చెప్పవు. టవర్ మీది రేడియో పదుల వాట్ల శక్తితో పంపుతుంది. చేతిలోని 4జీ ఫోన్ మామూలుగా 200 మిల్లీవాట్లకు మించి పంపదు. అందుకే ఊరి చివర పొలం గట్టు మీద వచ్చిన వాట్సాప్ సందేశం చదవగలిగిన మనిషి, ఒక ఫొటో పంపాలంటే అవస్థ పడతాడు.

ఇక జాతర రోజు సంగతి. 4జీలో డేటాను మోసే, 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒక రేడియో క్యారియర్‌ను వంద ముక్కలుగా విభజిస్తారు. వాటిని రిసోర్స్ బ్లాక్‌లు అంటారు. ఏ బ్లాక్ ఏ ఫోన్‌కు ఇవ్వాలో టవర్‌లోని షెడ్యూలర్ ప్రతి మిల్లీసెకనుకూ ఒకసారి నిర్ణయిస్తుంది. రెండు యాంటెన్నాల మామూలు ఏర్పాటులో ఆ క్యారియర్ అత్యుత్తమ పరిస్థితిలో ఇవ్వగలిగింది సెకనుకు 150 మెగాబిట్లు. ఒకే దిక్కున ఉన్న మూడు వందల ఫోన్లు ఒకే క్షణంలో డేటా అడిగితే తలా అర మెగాబిట్ వస్తుంది. 2023 జనవరి దాకా మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి చాలిన 512 కిలోబిట్ల వేగం ఇంచుమించు ఇదే. అప్పుడే ఆ నిర్వచనాన్ని 2 మెగాబిట్లకు పెంచారు. కాని 150 అన్నది కాగితం మీది అంకె. సంకేతం ఎంత శుభ్రంగా అందుతోందో ఫోన్ ఎప్పటికప్పుడు 1 నుంచి 15 దాకా ఉన్న ఒక సూచికతో టవర్‌కు తెలియజేస్తుంది. 15 చెప్పిన ఫోన్‌కు ఒక్కో రేడియో చిహ్నంలో ఐదున్నర బిట్లు పంపవచ్చు. 1 చెప్పిన ఫోన్‌కు 0.15 బిట్ మాత్రమే పంపగలరు. అంటే గోడ చాటున, కొండ పక్కన ఉన్న ఒక ఫోన్‌కు ఒక ఫొటో అందించడానికి ఖర్చయ్యే వనరుతో టవర్ కిందున్న ఫోన్లకు ముప్పై ఆరు ఫొటోలు అందించవచ్చు. బలహీనంగా అందే ఫోన్ తాను నెమ్మదించడమే కాక చుట్టూ ఉన్నవారినీ నెమ్మదింపజేస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. 1948లో క్లాడ్ షానన్ గణితం తేల్చిన సంగతే ఇది: ఇంత వెడల్పు గాలిలో, ఇంత రొద మధ్య, ఇంతకు మించి సమాచారం పోదు.

అడిగేవారు పెరిగినకొద్దీ ఆలస్యం ఎలా పెరుగుతుందో అంతకు చాలా ముందే కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డేనిష్ గణితజ్ఞుడు ఎర్లాంగ్ ఆలోచించాడు. టెలిఫోన్ రద్దీ మీద ఆయన తొలి పత్రం 1909లో వెలువడింది. ఆయన వేసిన దారిలో పెరిగిన క్యూ సిద్ధాంతం చెప్పే విషయం ఒకటి మొబైల్ వాడే ప్రతి మనిషికీ తెలియవలసింది. సరళమైన క్యూ నమూనాలో వ్యవస్థ సగం నిండితే పని పూర్తికావడానికి పట్టే కాలం ఖాళీగా ఉన్నప్పటికంటే రెండింతలు అవుతుంది. 80 శాతం నిండితే ఐదింతలు, 90 శాతానికి పదింతలు, 95 శాతానికి ఇరవై ఇంతలు. సగం నుంచి 95కు వెళ్లేసరికి రద్దీ రెండింతలు కూడా కాలేదు, ఎదురుచూపు మాత్రం పది రెట్లయింది. ఇప్పుడు ఒక టవర్ రోజులో ఇరవై గంటలు 30 శాతం, సాయంత్రం నాలుగు గంటలు 95 శాతం నిండి ఉంటుందనుకుందాం. రోజు మొత్తానికి సగటు తీస్తే 41 శాతం వస్తుంది. నివేదికలో ఆ అంకెను చూసిన అధికారికి అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ నాలుగు గంటల్లోనే పిల్లలు ఆన్‌లైన్ పాఠాలు చూస్తారు, దుకాణాల్లో బేరాలు సాగుతాయి, గల్ఫ్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్ చేస్తాడు.

నా అసలు వాదం ఇక్కడే ఉంది. మన దేశంలో మొబైల్ సేవల నాణ్యతను ఏళ్ల తరబడి సగటులతో కొలిచాం. సగటు తీసేకొద్దీ సిద్దిపేట లాంటి చోట్లు లెక్కలోంచి జారిపోతాయి.

టెలికాం లెక్కల్లో దేశాన్ని 22 సర్కిళ్లుగా విభజించారు. రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయినా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిసి నేటికీ ఒకటే సర్కిల్, పేరు ఆంధ్రప్రదేశ్. ఒక కంపెనీ ఈ సర్కిల్‌లో ప్రమాణాలు అందుకుందని నివేదిక వచ్చిందంటే అందులో హైటెక్ సిటీ ఉంది, విశాఖపట్నం ఉంది, అక్కన్నపేట మండలంలోని తండా కూడా ఉంది. మాదాపూర్‌లో పెరిగిన వేగం తండాలో తగ్గిన వేగాన్ని కప్పేస్తుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ లోపాన్ని గుర్తించకపోలేదు. 2017లో కాల్ డ్రాప్‌ల విషయంలో సగటును పక్కనపెట్టి, 90 శాతం సెల్స్‌లో, 90 శాతం రోజుల్లో కాల్ డ్రాప్ 2 శాతం దాటకూడదని కొత్త కొలత పెట్టింది. సెల్ అంటే టవర్ ఒక దిక్కున సేవ అందించే ప్రాంతం. మునుపటి కంటే ఈ కొలత ఎంతో మెరుగు. అయినా ఆ కొలతలో 10 శాతం సెల్స్, 10 శాతం రోజులు లెక్క బయటే ఉండిపోతాయి. సర్కిల్ మొత్తంలో ఆ పదో వంతు సెల్స్ ఎక్కడ ఉంటాయి? జనం పలచగా, ఆదాయం తక్కువగా, కొత్త పరికరం పెడితే పెట్టుబడి తిరిగిరావడానికి ఎక్కువ కాలం పట్టే పల్లెల్లోనే ఉండే అవకాశం ఎక్కువ. రాజీవ్ రహదారి పక్కనున్న ఊరికీ, ఆ రహదారి నుంచి లోపలికి ఇరవై కిలోమీటర్లున్న ఊరికీ ఒకే రీచార్జ్ ధర. నాణ్యత మాత్రం ఒకటి కాదు.

సిద్దిపేటకు ఈ సంగతి ఇంత గట్టిగా తగలడానికి కారణం ఉంది. 2016 సెప్టెంబర్ 5న జియో సేవలు మొదలై డేటా ధరలు కుప్పకూలాయి. అదే ఏడాది అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా ఏర్పడింది. నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. డిసెంబర్‌లో సిద్దిపేటకు దగ్గర్లోని ఇబ్రహీంపూర్‌ను తెలంగాణలో తొలి నగదు రహిత గ్రామంగా ప్రకటించారు. నాలుగు నెలల్లో ఒక ప్రాంతం చవక డేటానూ, కొత్త కలెక్టరేట్‌నూ, కార్డు గీకే యంత్రాలనూ ఒకేసారి చూసింది. ఊరంతటి లావాదేవీలనూ గాలిలో నడిచే సంకేతం మీద పెట్టాలని తలచిన తొలి చోట్లలో ఇదొకటి. అటువంటి చోట డేటా ఆగడమంటే వీడియో ఆగడం ఒక్కటే కాదు. రేషన్ దుకాణంలో ఈ-పాస్ యంత్రం వేలిముద్రను ఆధార్ సర్వర్‌కు పంపి జవాబు కోసం చూస్తుంది. జవాబు రాకపోతే బియ్యం సంచి దుకాణం దాటదు. అంగన్‌వాడీ టీచర్ పిల్లల బరువును పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించాలి. పీఎం కిసాన్ ఈ-కేవైసీకి రైతు ఓటీపీ కోసం చెట్టు కింద నిలబడాలి.

ఉపాధి హామీ పనుల దగ్గర ఇది మరీ దగ్గరగా కనబడుతుంది. 2023 జనవరి 1 నుంచి పనిచోట్ల హాజరును ఎన్ఎంఎంఎస్ యాప్‌లో ఫొటోలతో నమోదు చేయడం తప్పనిసరి చేశారు. కూలీల పనిని చూసే మేట్ పొద్దున ఒకసారి, ఆ తర్వాత మరోసారి కూలీలందరినీ నిలబెట్టి ఫొటో తీయాలి. సిగ్నల్ లేనప్పుడు ఫొటో ఫోన్‌లోనే భద్రమై, సిగ్నల్ ఉన్నచోటికి వెళ్లాక ఎక్కించే వీలు యాప్‌లో ఉంది. అయితే పనిచోట్లు సాధారణంగా ఊరికి దూరంగా చెరువు శిఖంలోనో, గుట్ట వాలులోనో ఉంటాయి. అక్కడ ఫోన్‌లో రెండు గీతలు కనబడతాయి, యాప్ తెరుచుకుంటుంది, పేర్లు కనిపిస్తాయి. ఫొటో మాత్రం పోదు. ఇందాక చెప్పిన 200 మిల్లీవాట్ల సంగతే ఇది: కిందికి వచ్చే దారి బాగుంది, పైకి వెళ్లే దారి లేదు. ఆ ఫొటో ఎక్కకపోతే కూలీ రోజు కూలి ప్రశ్నార్థకమవుతుంది. దేశంలో నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు డౌన్‌లోడ్ వేగమే చెబుతారు, ప్రకటనల్లోనూ అదే. ఊళ్లలో బతుకుతెరువు ఆధారపడింది అప్‌లోడ్ మీద. దాన్ని విడిగా, పనిచోట్ల దగ్గర కొలవడం ఎందుకు ముఖ్యమో ఆ మేట్‌ను అడిగితే చెబుతుంది.

సిగ్నల్ బాగుండి, టవర్ కింద రద్దీ లేకపోయినా డేటా నెమ్మదించడానికి మరో కారణం టవర్‌కు వెనక ఉండే దారి. ఫోన్ నుంచి టవర్ దాకానే గాలి. అక్కడి నుంచి హైదరాబాద్ దాకా సమాచారం ఫైబర్ మీదనో, టవర్ నుంచి టవర్‌కు మైక్రోవేవ్ గిన్నెల ద్వారానో పోవాలి. ట్యాంకు ఎంత పెద్దదైనా దాన్ని నింపే పైపు సన్నదైతే ఇంట్లో నల్లా సన్నగానే వస్తుంది. ఈ పోలిక సిద్దిపేటవారికి విడమరచనక్కర లేదు. 2016 ఆగస్టు 7న మిషన్ భగీరథ పథకాన్ని ప్రధాని ప్రారంభించింది నేటి సిద్దిపేట జిల్లాలోని గజ్వేల్ దగ్గర, కోమటిబండలో. ఆ మంచినీటి పైపుల కందకాల్లోనే పక్కనే ఫైబర్ గొట్టాలు కూడా వేసి ఊరూరికీ ఇంటర్‌నెట్ తేవాలన్నది తెలంగాణ ప్రభుత్వ టీ-ఫైబర్ పథకం ఆలోచన. ఒకసారి తవ్విన నేలను రెండోసారి తవ్వకుండా నీటినీ సమాచారాన్నీ ఒకే దారిన తేవడం మంచి ఇంజినీరింగ్ ఆలోచన. దాని ఫలితం ఇళ్లకు ఇచ్చే కనెక్షన్లతో ఆగకూడదు. మైక్రోవేవ్ గిన్నెల మీద ఆధారపడిన పల్లె టవర్లన్నిటికీ ఆ ఫైబర్ అందాలి. అప్పుడే ఎక్కువమంది వాడే మొబైల్ డేటా మారుతుంది.

గోడల సంగతి క్లుప్తంగా చెబుతాను. 5జీకి ఎక్కువగా వాడుతున్నది 3500 మెగాహెర్ట్జ్ ప్రాంతం. ఒకే రకం యాంటెన్నాలతో, ఒకే దూరంలో చూస్తే 850 మెగాహెర్ట్జ్ కంటే అక్కడ అందే శక్తి పదిహేడో వంతే. పెంకుటిల్లు పోయి స్లాబ్ ఇల్లు వచ్చింది. కాంక్రీటు, ఇనుప చువ్వల గోడ మరో పది, ఇరవై డెసిబెల్స్ తినేస్తుంది, అంటే పదో వంతో వందో వంతో మిగులుతుంది. వాకిట్లో 5జీ అని చూపించిన ఫోన్ పడకగదిలో 4జీకి దిగడానికి కారణం ఇదే. కారులో రోడ్డు మీద తిరుగుతూ చేసే డ్రైవ్ టెస్టుకు ఈ గోడ కనబడదు.

ఇప్పుడు కస్టమర్ కేర్ దగ్గరికి వద్దాం. సిద్దిపేట బస్టాండ్ దగ్గర ఏ మొబైల్ దుకాణంలో కూర్చున్నా ఒకటే మాట వినిపిస్తుంది: ‘కాల్ జేస్తే ఫోన్ బంద్ జేసి మళ్ల ఆన్ జేయమంటరు.’ ఆ సలహా అర్థంలేనిది కాదు. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి తీస్తే ఫోన్ మళ్లీ నెట్‌వర్క్‌లో చేరుతుంది, ఒక్కోసారి రద్దీ తక్కువున్న బ్యాండ్‌కు మారుతుంది. కొందరికి పని జరుగుతుంది. జరగనివారికే అసలు ఇబ్బంది. ఫిర్యాదు నమోదవుతుంది, డాకెట్ నంబరు వస్తుంది, రెండు రోజులకు ‘మీ సమస్య పరిష్కరించాం’ అని సందేశం వస్తుంది. ఊళ్లో డేటా మాత్రం నిన్నటిలాగే ఉంటుంది.

ఫోన్ ఎత్తిన అమ్మాయినో అబ్బాయినో తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. వాళ్ల ముందున్న తెర మీద మన ప్లాన్, బ్యాలెన్స్, మిగిలిన డేటా కనిపిస్తాయి. మన ఊరి టవర్ మూడో దిక్కు సెల్ సాయంత్రం ఏడింటికి ఎంత నిండుతోందో తెలుసుకుని, దాని మీద చర్య తీసుకునే అధికారం వాళ్ల చేతిలో ఉండదు. ఆ సమాచారం కంపెనీ నెట్‌వర్క్ విభాగం దగ్గర నిమిషాల లెక్కన పోగవుతూనే ఉంటుంది. రెండు విభాగాలూ ఒకే కంపెనీలో ఉన్నా ఒకదాని అంకెలు మరోదానికి అందకపోతే వినియోగదారుడు చెప్పిన మాటకు విలువ ఉండదు. ఇక నియంత్రణ సంస్థ కస్టమర్ కేర్‌కు పెట్టిన ప్రధాన కొలతల్లో ఒకటి చూడండి: 95 శాతం కాల్స్‌ను ఏజెంట్ 90 సెకన్లలో ఎత్తాలి. ఎంత త్వరగా ఎత్తారన్నది కొలుస్తున్నాం. ఎత్తిన తర్వాత సమస్య తీరిందా, వారానికి అదే ఊరి నుంచి అదే ఫిర్యాదు మళ్లీ వచ్చిందా అన్నది కూడా అంత పట్టుదలగా కొలవాలి. కొలిచిన వాటి మీదే సంస్థలు శ్రద్ధ పెడతాయి. ఒకే సెల్ కింద నెలలో పదేపదే వచ్చిన ఫిర్యాదులను కస్టమర్ కేర్ మొత్తంగా చూడగలిగితే ఆ ఏజెంట్ ‘ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అనే బదులు ‘మీ ఊరి టవర్ రద్దీ మాకు తెలుసు, ఫలానా నెలలో కొత్త క్యారియర్ పెడుతున్నాం’ అని చెప్పగలుగుతాడు. నిజం చెప్పిన కంపెనీని జనం ఓపికతో భరిస్తారు.

తప్పు ఎవరిది అనే ప్రశ్న నిజంగా కష్టమైనదని ఒప్పుకోవాలి. రోజువారీ కోటా అయిపోయి వేగం 64 కిలోబిట్లకు పడిపోయిన సంగతి గమనించకుండా నెట్‌వర్క్‌ను తిట్టేవారు ఉంటారు. పాత ఫోన్‌లో ఆ కంపెనీ వాడే బ్యాండ్ లేకపోవచ్చు. 2015లో ట్రాయ్ ప్రతి కాల్ డ్రాప్‌కు ఒక రూపాయి చొప్పున, రోజుకు మూడు రూపాయల దాకా వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలని నిబంధన తెచ్చింది. 2016 మే 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. కాల్ తెగడానికి వినియోగదారుడి వైపు కారణాలూ ఉంటాయి, కంపెనీ తప్పు లేనిచోట కూడా పరిహారం కట్టించడం అసమంజసం అన్నది తీర్పులోని ముఖ్యాంశం. ఆ తీర్పును వినియోగదారుడికి ఎదురుదెబ్బగా చాలామంది చూశారు. నాకు మాత్రం అందులో ఒక శాస్త్రీయమైన సవాలు కనబడుతుంది: ఎక్కడ, ఎప్పుడు, ఎవరి వైపు లోపం జరిగిందో విడదీసి చూపగల కొలతలు ఉంటే పరిహారం నిలబడుతుంది.

బ్యాంకుల రంగంలో అది జరిగింది. 2019 సెప్టెంబర్ 20న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశం ప్రకారం యూపీఐలో పంపిన డబ్బు ఖాతాలోంచి పోయి అవతలివారికి చేరకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. దుకాణానికి చెల్లింపు అయితే ఐదు రోజులు గడువు. గడువు దాటితే రోజుకు వంద రూపాయలు, వినియోగదారుడు అడగకుండానే ఇవ్వాలి. అక్కడ ప్రతి లావాదేవీకి నంబరు ఉంటుంది, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. కొమురవెల్లి దుకాణం ముందు ఆగిన అదే చెల్లింపులో బ్యాంకు వైపు గడియారం ఉంది, జరిమానా ఉంది. టెలికాం వైపు ఆ క్షణానికి పేరూ లేదు, లెక్కా లేదు.

2024 ఆగస్టు 2న ట్రాయ్ విడుదల చేసి, అక్టోబర్ 1 నుంచి అమలులోకి తెచ్చిన కొత్త నాణ్యతా నిబంధనలు ఈ దిశలో పెద్ద అడుగు. సేవ ఎక్కడెక్కడ అందుతుందో చూపే పటాలను కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. మూడు నెలలకోసారి చూసే పద్ధతి పోయి నెలనెలా చూసే పద్ధతి వచ్చింది. ఒక జిల్లాలో సేవ నాలుగు గంటలకు మించి ఆగిపోతే ఆ సంగతి ట్రాయ్‌కు తెలపాలి. 24 గంటలు దాటి ఆగిపోతే ఆ జిల్లాలోని పోస్ట్‌పెయిడ్ వారికి అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగింపు ఇవ్వాలి; ప్రకృతి వైపరీత్యాలకు మినహాయింపు ఉంది. టెలికాం నిబంధనల్లో జిల్లాకు ఇంత ప్రాధాన్యం రావడం నాకు చాలా సంతోషం కలిగించింది. అయితే ఆ నిబంధన పట్టుకునేది సేవ పూర్తిగా ఆగిపోవడాన్ని. సిద్దిపేట జిల్లా మొత్తం ఒక రోజంతా మూగబోవడం అరుదు. కొహెడలో ఒక టవర్ బ్యాటరీ పాతబడి కరెంటు పోయిన ప్రతిసారీ అరగంటలో ఆరిపోతే, లేదా ఒక ఊళ్లో ప్రతి సాయంత్రం డేటా పాకుతుంటే, ఆ నిబంధన దాన్ని తాకదు.

కంపెనీ మారిపోవచ్చు కదా అంటారు. దేశమంతటా 2011 జనవరి 20న మొదలైన నంబర్ పోర్టబిలిటీ నిజంగా బలమైన హక్కు. 1900కు సందేశం పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, సర్కిల్ లోపల అయితే మూడు పనిదినాల్లో మార్పు పూర్తవుతుంది. పట్టణంలో దీనికి తిరుగులేదు. ఊళ్లో మాత్రం రెండు కంపెనీల యాంటెన్నాలూ ఒకే టవర్ మీద, ఒకే బ్యాటరీ గదిని నమ్ముకుని ఉన్నప్పుడు మారినవారికి మిగిలేది కొత్త సిమ్ మాత్రమే.

అందుకే ఫిర్యాదు చేసే పద్ధతిని మార్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఫిర్యాదు కూడా ఒక కొలతే. ‘నెట్ వస్తలేదు’ అన్న మాటను ఏజెంట్ ఏమీ చేయలేడు. ‘ఫలానా ఊరు, బడి వెనక వీధి, రాత్రి 7.40, ఇంటి బయట, సిగ్నల్ మైనస్ 84, డౌన్‌లోడ్ 0.4, అప్‌లోడ్ 0.1, కోటా ఇంకా ఉంది, పక్కింటి రెండు ఫోన్లలోనూ అంతే’ అంటే అది నెట్‌వర్క్ ఇంజినీర్‌కు నేరుగా పనికొచ్చే సమాచారం. బలమైన సిగ్నల్, చచ్చిన వేగం కలిసి కనిపిస్తే లోపం రద్దీలోనో వెనక దారిలోనో ఉందని అతనికి వెంటనే అర్థమవుతుంది. సిగ్నల్ విలువ తెలుసుకోవడం కష్టం కాదు: చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ తెరిస్తే డీబీఎం అంకె ఉంటుంది. డయల్ ప్యాడ్‌లో *#*#4636#*#* కొడితే అనేక ఫోన్లలో సెల్ గుర్తింపు సంఖ్యతో సహా వివరాలు వస్తాయి. వేగం కొలవడానికి ట్రాయ్ మైస్పీడ్ యాప్ ఉంది. ఆ కొలతను ట్రాయ్‌కు పంపే వీలూ అందులోనే ఉంది. మూడు వేర్వేరు రోజులు, ఒకే చోట, ఒకే వేళ కొలిచి, తెరల ఫొటోలు దాచుకుని 198కి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు రాసుకోవాలి.

తీరకుండానే మూసేస్తే అక్కడ ఆగనక్కర్లేదు. 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకీ అప్పీలు విభాగం ఉండాలి. 30 రోజుల్లోపు రుసుము లేకుండా అప్పీలు చేయవచ్చు, 39 రోజుల్లో దాన్ని తేల్చాలి. ఆ మెట్టు ఉందని తెలిసినవారే తక్కువ. అదీ తేలకపోతే వినియోగదారుల కమిషన్. టెలికాం వివాదాలు అక్కడికి రాకూడదని 2009 నాటి ఒక తీర్పు వల్ల ఏళ్ల తరబడి చాలా కేసులు తిరస్కరణకు గురయ్యాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వొడాఫోన్ ఐడియా కేసులో ఆ సందేహాన్ని తీర్చి, వినియోగదారుల వేదికలకు ఆ అధికారం ఉందని స్పష్టం చేసింది. మన నివాసం ఉన్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు. కమిషన్ ముందు కూడా ఆ మూడు రోజుల కొలతలే సాక్ష్యం.

ఒక్కొక్కరు వేసే ఫిర్యాదుతో టవర్ మీదికి కొత్త పరికరం రావడం అరుదు, ఊరంతా ఒకే పట్టికలో కొలతలు రాసి ఇస్తే వచ్చే అవకాశం ఎక్కువ. గ్రామ పంచాయతీ ఆ పని చేయవచ్చు. డిగ్రీ కాలేజీ భౌతిక శాస్త్ర విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు దొరకదు: ఒక మండలం, ఒక నెల, పొద్దునా సాయంత్రం, ఇంటి లోపలా బయటా, డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ. కంపెనీల దగ్గర సెల్ వారీగా, గంట వారీగా లెక్కలు ఇప్పటికే ఉన్నాయి. వాటిని సర్కిల్ పేరుతో కలిపేయకుండా చేర్యాల, మద్దూరు, కొహెడ, అక్కన్నపేట అంటూ మండలాల పేర్లతో, రద్దీ వేళల అంకెలతో నెలనెలా బయటపెట్టమని ట్రాయ్ ఆదేశించాలి. సేవల ప్రమాణాలు నిర్ణయించి, అవి అమలయ్యేలా చూసే అధికారం 1997 చట్టం ఆ సంస్థకు ఇచ్చే ఉంది.